చోర్ జేబు

పట్నం పోయేవాడి దగ్గర మూడు భద్రంగా ఉండాలనేవాడు మా అబ్బా. పైస, పతా, పేరు.

పైస సంగతి ఆయనే చూసుకునేవాడు. తొగుటలో అబ్బా దర్జీ. ఊళ్లో ఎవరు హైదరాబాదు ప్రయాణం పెట్టుకున్నా ముందు రోజు పొద్దుగూకే యాళ్లకు మా అరుగు మీదికి వచ్చేవాళ్లు, చేతిలో బనీను పట్టుకుని. "సాయబూ, జర ఒక జేబు పెట్టియ్యరాదు" అనేవాళ్లు. బనీను లోపలివైపు, ఎడమ చంక కింద, నాలుగు వేళ్ల వెడల్పు గుడ్డముక్క. పైసలు లోపల పెట్టినంక మూతి మీద నాలుగు టాకాలు. గుండీ ఉండదు. పట్నంలో దిగి, పని కాడికి చేరినంక దారం తెంపి తీసుకోవాల్సిందే. దాన్నే చోర్ జేబు అంటారు. పేరు దొంగదే గానీ దొంగకు దొరకని జేబు.

ఉస్మానియా దవాఖానకు పోయేవాళ్లు, దుబాయి ఏజెంటు కాడికి పోయేవాళ్లు, కూతురి పెండ్లి బట్టలకు పోయేవాళ్లు, కోర్టు వాయిదాకు పోయేవాళ్లు, అందరికీ అదే జేబు. కాపు, గొల్ల, మాదిగ, తురక అని కొలతలు మారేవి కావు. అబ్బా దానికి పైసలు తీసుకునేవాడు కాదు. "తొవ్వ పొయ్యేటోని కాడ ఏం తీస్కుంటం?" అనేవాడు. తిరిగొచ్చినవాళ్లు ఇన్ని బత్తాయిలో, ఉస్మానియా బిస్కెట్ల పొట్లమో ఇచ్చిపోయేవాళ్లు. ఆ బిస్కెట్ల కోసం ఊళ్లోవాళ్లు పట్నం పోవాలని మేం పిల్లలం దువా చేసేవాళ్లం.

రెండోది పతా. అది మా పని. అబ్బాకు ఉర్దూ చదవటం, రాయటం వచ్చు. కొలతల పుస్తకమంతా ఉర్దూలోనే ఉండేది. ఊరి ఆడవాళ్ల రవికల కొలతలు, మొగవాళ్ల లాగుల కొలతలు కుడి నుంచి ఎడమకు నడిచేవి. తెలుగు ఆయనకు నోటిది, చేతిది కాదు. మేం తెలుగు బడిలో చదివాం. కాబట్టి మా ఇంట్లో ఏ చిట్టీ అయినా రెండు రాసేవాళ్లం. ఒకటి అబ్బా చదువుకోవటానికి ఉర్దూలో, ఒకటి తొవ్వలో ఎవరికైనా చూపించి అడగటానికి తెలుగులో. 'గౌలిగూడలో దిగాలి. అక్కడి నుంచి బేగంబజారుకు నడిచి పోవచ్చు. దుకాణం ముందు వేపచెట్టు ఉంటది.' ఇమ్లీబన్ బస్టాండు అప్పటికి లేదు, అది 1994లో వచ్చింది. మా బస్సులు గౌలిగూడలో ఆ పెద్ద రేకుల షెడ్డు కింద ఆగేవి. ఆ షెడ్డు 2018లో కూలిపోయింది.

మూడోది పేరు. దాన్ని ఎట్లా భద్రంగా పెట్టుకోవాలో అబ్బా మాకు చెప్పలేదు. చెప్పటానికి ఆయన దగ్గర కూడా ఉపాయం లేదని మాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

* * *

బడిలో దోస్తులు అనేవాళ్లు, "మీకేందిరా, పట్నం మీదే గదా" అని. చార్మినార్ మాది. మక్కామసీదు మాది. నిజాము మావాడు. ఆ నిజాము మా దాదాను ఎన్నడూ చూడలేదు, మా దాదా నిజామును నాణెం మీద పేరుగా తప్ప ఎరగడు. హాలీ సిక్కా గురించి మాత్రం దాదా కథలు కథలుగా చెప్పేవాడట. రూపాయి మీద చార్మినార్ బొమ్మ. ఆరు కల్దార్ రూపాయలకు ఏడు హాలీ రూపాయలు. సర్కారు కల్దార్‌లో లెక్క అడిగితే రైతు హాలీలో ఏడ్చేవాడట. 1948 సెప్టెంబరులో పోలీసు యాక్షన్ అయ్యింది, రాజ్యం పోయింది. సిక్కా మాత్రం ఇంకో పదేళ్లు కొనవూపిరితో తిరిగి 1959లో పోయింది. రాజ్యం ఉన్నన్నాళ్లు మా దాదాకు అందులో దక్కింది ఒక సూది, ఒక కత్తెర. రాజ్యం పోయినంక దాని లెక్క మాత్రం మా దగ్గర వసూలు చేస్తూనే ఉన్నారు.

నిజంగా పట్నం మాదే అయితే మేం చిట్టీలు ఎందుకు రాసుకుంటాం? గౌలిగూడలో దిగంగానే ఎడమకా, కుడికా అని ఎందుకు నిలబడిపోతాం?

పాతబస్తీలో నోరు తెరిస్తే చాలు, మమ్మల్ని గుర్తుపట్టేవాళ్లు. "కాఁ సే ఆయే మియా, గావ్ సే?" మా ఉర్దూలో తెలుగు ముక్కలెక్కువ. ఇంట్లో 'దొడ్డి మే బక్రీ బాంధో' అంటాం. దొడ్డి అనే మాట విని పత్తర్‌గట్టీ దుకాణంలో పిల్లలు నవ్వేవాళ్లు. మూసీ ఇవతలికొచ్చి తెలుగులో మాట్లాడితే, "అరె, మీరు తెలుగు ఎంత మంచిగ మాట్లాడుతున్నరు!" అని మెచ్చుకునేవాళ్లు. మా అమ్మభాషలో సగాన్ని చూసి ఒకరు నవ్వారు, ఇంకో సగాన్ని చూసి ఒకరు మెచ్చుకున్నారు. నవ్వు కంటే ఆ మెచ్చుకోలే ఎక్కువ గుచ్చుకునేది. మనింట్లో మనం అన్నం తింటుంటే 'బాగా తింటున్నారే' అన్నట్టు.

మమ్మల్ని ఏమీ అడగనిది నోటొక్కటే. మీరెప్పుడైనా రూపాయి నోటును తిప్పి చూశారా? చిన్న పెట్టెలో పదిహేను భాషల్లో దాని విలువ రాసి ఉంటుంది. పైన అస్సామీతో మొదలై అక్షరక్రమంలో దిగుతుంది. అడుగున చివరిది ఉర్దూ. దాని మీద, ఆనుకునే, తెలుగు. మేం చిన్నప్పుడు ఆ రెండు వరసల మీద వేలు పెట్టి చదువుకునేవాళ్లం. పై వరస మేం చదివితే కింది వరస అబ్బా చదివేవాడు. రెండూ ఒక్కటే చెప్పేవి. నిజాము కాలపు నోటు మీద కూడా ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడం ఉండేవి. రాజ్యాలు మారినా మా రెండు భాషలూ విడిపోకుండా ఉన్న జాగా అదొక్కటే. ఇంకో గుణం కూడా ఉంది నోటుకు. ఎవరి జేబులోంచి వచ్చిందో దాని మీద రాసి ఉండదు. దానికి విలువ ఉంది, పేరు లేదు.

* * *

1990 డిసెంబరు. ఆపా పెండ్లి కుదిరింది. బట్టలకు, అస్తర్లకు, జరీ అంచులకు అబ్బా పట్నం పోయాడు. ఆ పూట తన బనీనుకు తానే జేబు కుట్టుకున్నాడు. రెండ్రోజుల్లో వస్తానన్నాడు.

మర్నాడు పొద్దుగాల రేడియోలో వార్తలు. హైదరాబాదులో గొడవలు, కర్ఫ్యూ. ఆ నెల పట్నంలో వందమందికి పైగా చచ్చిపోయారు. మాకు ఆ లెక్క తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసింది ఒక్కటే, సిద్దిపేట నుంచి వచ్చే ఆఖరు బస్సులోంచి అబ్బా దిగలేదు.

ఫోను చేయొచ్చు కదా అంటారు మా పిల్లలిప్పుడు. ఎక్కడికి చేయాలి? ఎవరికి చేయాలి? పట్నంలో మాకు చుట్టాలు లేరు. బేగంబజారు దుకాణం నంబరు మా దగ్గర లేదు. టెలిగ్రాం ఇద్దామంటే ఏ పతాకు ఇవ్వాలి? 'వేపచెట్టు ఉంటది' అని మేమే రాశాం. వేపచెట్టుకు టెలిగ్రాం పోతుందా? సియాసత్ పేపరు సిద్దిపేట నుంచి ఎవరో తెచ్చిస్తే అందులో పేర్లు వెతికాం. పేరు కనబడకపోతే మంచిదా, చెడ్డదా తెలియని వయసు మాది. రోజూ బస్సు యాళ్లకు పక్కింటి కాపుల అవ్వ వచ్చి అమ్మీ పక్కన కూర్చునేది. ఏమీ మాట్లాడేది కాదు. బస్సు పోయినంక లేచి పోయేది.

ఏడో రోజు అబ్బా దిగాడు. చేతిలో సంచి లేదు. ఆ రాత్రి బనీను విప్పి అమ్మీ చేతిలో పెట్టాడు. టాకాలు నాలుగూ అట్లనే ఉన్నాయి. ఒక్క పైస ఖర్చు కాలేదు. "పైసలు భద్రంగ ఉన్నయ్" అన్నాడు. అంతకుమించి చెప్పలేదు. ఆపా పెండ్లి బట్టలు సిద్దిపేటలోనే కొన్నాం.

మిగతాది చెప్పటానికి మూడేళ్లు పట్టింది. 1993లో బడేభాయి పట్నంలో బేకరీ పనికి పోతున్నప్పుడు, అతని బనీనుకు జేబు కుడుతూ చెప్పాడు. తల ఎత్తకుండా, సూదిని చూస్తూ.

ఆ పొద్దు దుకాణం షట్టరు సగం దించారట. దారాలమ్మే సేటు అబ్బాను వెనక గదిలోకి పంపాడు. కొందరు వచ్చి లోపలెవరున్నారని అడిగారు. సేటు, "మావోడే, దర్జీ మల్లయ్య, సిద్దిపేట దిక్కు నుంచి వచ్చిండు" అన్నాడు. వాళ్లు తొంగిచూసి, "ఏ ఊరే?" అని అడిగారు. అబ్బా మా ఊరి తెలుగులో చెప్పాడు. ఆ యాస విని వెళ్లిపోయారు.

"నాలుగు దినాలు మల్లయ్యనే నేను. ఆ ఇంట్ల అన్నం పెట్టిండ్రు, సద్దరిచ్చిండ్రు. మల్లయ్యా చాయ్ తాగు అంటె తాగిన. చిన్నపోరగాళ్లు గూడ మల్లయ్య మామా అన్నరు. ఆళ్ల రుణం తీరది. గని రాత్రి పండుకున్నంక నా పేరు నేనే లోపల్లోపల పిల్సుకునేది. మర్సిపోతనేమో అని."

మల్లయ్య మాకు పరాయి పేరేం కాదు. కొమురవెల్లి మల్లన్న మా దిక్కు దేవుడు. మా గల్లీలోనే నలుగురు మల్లయ్యలు. అందరి బట్టలూ కుట్టేది అబ్బానే. ఆ పేరు చెడ్డదని కాదు. ప్రాణం దక్కాలంటే తన పేరు తీసి చోర్ జేబులో పెట్టి కుట్టేయాల్సి వచ్చింది, అదీ బాధ. అటువైపు గల్లీల్లో మల్లయ్యలకు సాయబు పేరు పెట్టి దాచుకున్న ఇండ్లు కూడా ఉండే ఉంటాయి. ఆ ఇండ్ల వల్లనే పట్నం ఇంకా పట్నంలా ఉంది. కానీ అతిథికి అన్నం పెట్టాలంటే ముందు అతని పేరు మార్చాల్సి వచ్చే ఊరిని ఏమనాలి?

* * *

బడేభాయి నెలనెలా మనియార్డరు పంపేవాడు. వందకు ఐదు రూపాయలు కమీషన్ పోయేది. అయినా పైసతో పాటు మాట కూడా వచ్చేది. మనియార్డరు ఫారం అడుగున చిన్న జాగా ఉండేది, నాలుగు మాటలు రాసుకోవటానికి. పోస్టుమన్ అంతవరకు చింపి మన చేతికిచ్చేవాడు. బడేభాయి అబ్బాకు వేరే ఉత్తరం ఉర్దూలో రాసినా, ఆ నాలుగు మాటలు మాత్రం తెలుగులో రాసేవాడు. ఎందుకంటే అవి అమ్మీకి. అమ్మీకి ఏ అక్షరమూ రాదు. పోస్టుమనే చదివి వినిపించాలి.

పోస్టుమన్ పైసలు లెక్కపెట్టి చేతిలో పెట్టి, వేలిముద్ర తీసుకునేవాడు. అమ్మీ పైసల దిక్కు చూసేది కాదు. "ఏం రాసిండు?" అనేది. అతను చదివేవాడు. "బాగున్న. ఆరోగ్యం మంచిగ ఉన్నది. అందరికి సలాం." అమ్మీ పోస్టుమన్‌కే 'వాలేకుం సలాం' చెప్పేది. అతను తల ఊపి సైకిలెక్కేవాడు. మా అన్న సలాం మా ఇంటికి నుదుట బొట్టున్న ఒక మనిషి నోట్లోంచి వచ్చేది. ఆయనకు అది వింత కాదు, మాకూ కాదు. ఆ కాగితం మనియార్డరు 2015లో ఆగిపోయింది. టెలిగ్రాం అంతకు రెండేళ్ల ముందే, 2013 జూలైలో పోయింది.

తర్వాత పసుపు బోర్డుల కాలం వచ్చింది. ఎస్టీడీ, ఐఎస్డీ, పీసీవో. తొగుటలో ఒక కిరాణా దుకాణంలో ఫోనుండేది. మా చుట్టాలందరికీ ఇచ్చింది ఆ నంబరే, పక్కన 'పీపీ' అని రాసి. ఫోనొస్తే దుకాణం పిల్లగాడు ఉరికొచ్చి చెప్పేవాడు. పది నిమిషాలాగి వాళ్లు మళ్లీ చేసేవాళ్లు. రాత్రి పొద్దుపోయినంక చార్జీ తగ్గుతుంది కాబట్టి బడేభాయి బేకరీ మూసినంకే బూతుకు పోయేవాడు. అద్దాల డబ్బాలో నిలబడితే ఎదురుగా ఎర్ర అంకెలు ఉరుకుతుంటాయి. బయట వరసలో జనం నిలబడి వింటుంటారు.

ఒకసారి బడేభాయి ఫోనెత్తంగానే సలాం చెప్పలేదు. "ఆ, అమ్మా, మంచిగున్నవా?" అన్నాడు, తెలుగులో. అమ్మీ బిత్తరపోయింది. ఎవరి ఫోనో అనుకుని పెట్టేయబోయింది. పండక్కి వచ్చినప్పుడు అడిగితే చెప్పాడు, అస్సలాము అలైకుం అనంగానే బూతు బయటివాళ్లు తిరిగి చూస్తున్నారని. ఎవరూ ఏమీ అనలేదు. చూశారు, అంతే. 1992 డిసెంబరు తర్వాతి రోజులు అవి. ఆ చూపు ఎట్లా ఉంటుందో చెప్పమంటే చెప్పలేం. ఉన్నవాళ్లకే తెలుసు. అట్లా అబ్బా పేరు పోయిన జేబులోకే అన్న సలాం కూడా పోయింది.

* * *

2007 నాటికి మేం కూడా పట్నంలో పేపరు పని చేసుకుంటున్నాం. ఆ యేడు మే 18న మక్కామసీదులో బాంబు పేలింది. ఆగస్టు 25న లుంబినీ పార్కులో, గోకుల్ చాట్‌లో పేలాయి. చచ్చిపోయినవాళ్లలో అందరూ ఉన్నారు. తర్వాత ఎంతోమంది ముస్లిం పిల్లలను పట్టుకుపోయారు. వాళ్లలో చాలామందిని కోర్టులు నిర్దోషులని వదిలేశాయి. ప్రభుత్వం పరిహారం కూడా ప్రకటించింది. పోయిన రోజులకు పరిహారం ఏ నోట్లలో లెక్కకట్టారో మాకు తెలియదు.

ఆ వానాకాలమే ఊరి నుంచి ఇద్దరు తమ్ముళ్లు పరీక్ష రాయటానికి వచ్చారు. మేముండే గది చిన్నది. పరీక్షా కేంద్రం దూరం. అక్కడికి దగ్గర్లో ఒక లాడ్జికి పోయాం. తెలుగులో అడిగాం. "ఉంది, ఫ్యాను రూము" అన్నాడు బల్ల వెనక మనిషి. అడ్వాన్సు ఇచ్చాం. నోటును వెలుతురుకు పట్టి చూసి సొరుగులో వేశాడు. రిజిస్టరు మా ముందుకు తోశాడు. పేర్లు రాశాం. అతను రిజిస్టరు తన వైపు తిప్పుకుని చదివాడు. కాసేపు పెన్నుతో బల్ల మీద కొట్టాడు. సొరుగు తీసి మా నోటు మా చేతిలో పెట్టి, "రూము రిపేరులో ఉంది, యాది మర్చిన" అన్నాడు.

నోటు చెల్లింది. పేరు చెల్లలేదు.

అతనిది తప్పంతా అనటం లేదు. పోలీసులొచ్చి రిజిస్టరు చూస్తారని అతని భయం. కానీ అందరి భయానికీ అద్దె కట్టేది మేమే ఎందుకు? తమ్ముళ్లు ఆ రాత్రి మా గదిలోనే పడుకుని తెల్లవారుజామున మూడు బస్సులు మారి పరీక్షకు పోయారు.

సెల్ ఫోన్లు అప్పటికి చేతిచేతికీ వచ్చాయి. సిమ్ము కావాలంటే ఫొటో, గుర్తింపు కాగితం. మంచిదే. కానీ మాకది ఇంకో భయం తెచ్చింది. ఊళ్లో పిల్లలు ఒకరి సిమ్ము ఒకరు వాడుకునేవాళ్లు. అబ్బా అందరినీ కూర్చోబెట్టి, "ఎవని సిమ్ము ఆడే ఉంచుకోవాలె, పారేస్తే ఇరగ్గొట్టి పారెయ్యాలె" అని చెప్పాడు. పోలీసు కాగితం మీద పేరుంటే తర్వాత ఏ కోర్టు తుడిచినా మచ్చ పోదని ఆయనకు తెలుసు. పైసలను కుట్టిన చేతులు సిమ్ములు విరగ్గొట్టే తొవ్వ చెప్పాల్సి వచ్చింది.

* * *

2011లో అబ్బా పోయాడు. ఆయన పేరు ఎన్ని తీర్లుగా ఉందో ఆయన పోయినంకే తెలిసింది. భూమి కాగితంలో ఒక తీరు, రేషన్ కార్డులో ఒక తీరు, బ్యాంకు పుస్తకంలో ఒక తీరు. మా ఇంట్లోనే మహమ్మద్ అనేది ఒకరికి ఎండీ, ఒకరికి మొహద్, ఒకరికి మొహమ్మద్. షేకులకు ఎస్‌కే. ఫారంలో 'ఇంటిపేరు' అనే గడి చూస్తే మాకు చెమటలు పడతాయి. మాకు ఇంటిపేర్లు లేవు. గడి ఖాళీగా ఉంచితే కంప్యూటరు ముందుకు పోనివ్వదు. రాసేవాడికి ఏది తోస్తే అదే మా ఇంటిపేరు. ఒకే తల్లి పిల్లలం, కాగితాల్లో మూడు వంశాలం.

2016 నవంబరు 8 రాత్రి ఐదొందలు, వెయ్యి నోట్లు రద్దయ్యాయి. అమ్మీ దగ్గర నాలుగు ఐదొందల నోట్లు ఉన్నాయి, అబ్బా పాత బనీను జేబులో కుట్టి దాచినవి. బ్యాంకులో వేద్దామంటే అమ్మీ పేరు పుస్తకంలో ఒక తీరు, కార్డులో ఒక తీరు. రెండు రోజులు వరసలో నిలబడి, సంతకాలు పెట్టించి, వేశాం. పేరులేని పైసకు మా ఇంట్లో అదే ఆఖరు పండుగ. అప్పటి నుంచి పైసకు కూడా పేరు కావాల్సి వచ్చింది.

పతా కూడా చెదిరింది, అది మాకొక్కరికే కాదు. మా మండలంలో వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్ ఊర్లు మల్లన్నసాగర్ కింద పోయాయి. యాభై టీఎంసీల రిజర్వాయరు, 2022 ఫిబ్రవరి 23న ప్రారంభమైంది. ఆ ఊర్లవాళ్లు గజ్వేల్ కాలనీలకు పోయారు. కార్డుల మీద మాత్రం నీళ్లలో ఉన్న ఊరి పేరు. ఏదైనా దరఖాస్తుకు పోతే, "ఈ ఊరు యాడుంది?" అని అడుగుతున్నారని ఒక పాత దోస్తు చెప్పి నవ్వాడు. నవ్వి ఊరుకున్నాడు. "ఇప్పుడు నీకు తెల్సిందిరా" అన్నాం మేం. కాగితం మీద ఉన్నది నిజమని రుజువు చేసుకోవటం ఎట్లుంటదో మేం పుట్టినప్పటి నుంచి చదువుతున్న పాఠం. వాళ్లకు ఆ బడిలో ఈమధ్యే పేరు రాశారు. ఎవరికీ ఆ బడి ఉండొద్దు.

* * *

బడేభాయి కొడుకు రెండేళ్ల కింద పట్నం పోయాడు, కంప్యూటరు పనికి. ఇప్పుడు సిద్దిపేటకు రైలు కూడా వచ్చింది, 2023 అక్టోబరు నుంచి. వాడు పోతుంటే అమ్మీ పాత మిషను ముందు కూర్చుని, "బనీను తే, జేబు పెడత" అన్నది. వాడు నవ్వి ఫోను చూపించాడు. "దాదీ, అన్నీ ఇండ్లనే ఉన్నయ్. పైసలు, తొవ్వ, టికెటు." నిజమే. వేపచెట్టు రాయనవసరం లేదు, పటం చూపిస్తుంది. వరసలో నిలబడి ఫోను చేయనక్కర్లేదు. దొంగ భయం కూడా తక్కువ. అబ్బా మూడు భద్రాల్లో రెండు ఆ చేతి పెట్టెలోకి పోయాయి.

ఆఫీసు దగ్గర గది చూసుకున్నాడు. ఇంటాయన మంచిగా మాట్లాడాడట. ఊరేదంటే తొగుట అన్నాడు. "అట్లనా, మా చుట్టాలు దుబ్బాకోళ్లే" అన్నాడు. అడ్వాన్సు ఫోనులోనే కొట్టమన్నాడు. వీడు కొట్టాడు. టింగుమని ఇంటాయన ఫోను మోగింది. ఆయన చూసుకున్నాడు. పైసల కింద పేరు వచ్చింది. ఆయన మొహం మారలేదట, అదే వాడికి ఇప్పటికీ ఆశ్చర్యం. "మా తమ్ముడు ఎవరికో మాటిచ్చిండట బాబూ" అన్నాడు. వీడు మెట్లు దిగేలోపే వీడి ఫోను మోగింది. పైసలు తిరిగొచ్చాయి, ఒక్క రూపాయి తక్కువ కాకుండా.

లాడ్జి మనిషికి రిజిస్టరు చదవాల్సి వచ్చింది. ఇప్పుడు అంత కష్టం కూడా లేదు. పైసే మా పేరు మోసుకుపోయి చెప్పేస్తుంది.

వాడి దోస్తు, మా ఊరి పిల్లగాడే, ఉపాయం చెప్పాడు. "నా ఫోనుకెల్లి కొడతరా, నా పేరు వస్తది, నువ్వు ఉండు." మంచి మనసుతోనే అన్నాడు. వాడి తాత బనీనుకు కూడా మా అబ్బా జేబు కుట్టి ఉంటాడు. మావాడు ఆ రాత్రి మాకు ఫోను చేసి అడిగాడు, ఏం చేయమంటారని. మేం వాడికి మల్లయ్య కథ చెప్పాం. అంతకుముందు ఎన్నడూ చెప్పలేదు. కాసేపు ఏమీ మాట్లాడలేదు వాడు. "దాదా కాడ పానం మీదికొచ్చింది గదా. నాకు గది మీదికే గదా వచ్చింది" అన్నాడు. దోస్తు ఫోను తీసుకోలేదు. టోలీచౌకీలో గది దొరికింది. ఆఫీసుకు రానూపోనూ మూడు గంటలు. నెలకు అద్దె ఎంతో మాకు తెలుసు. ఆ మూడు గంటల అద్దె ఎవరికి కడుతున్నాడో తెలియదు.

వాడు చేసింది సరైనదే అని మేం గట్టిగా చెప్పలేకపోతున్నాం. అలసిపోయి వచ్చి, వండుకునే ఓపిక లేక బ్రెడ్డు తిని పడుకున్నానని చెప్పిన రోజు, దోస్తు ఫోను తీసుకుంటే ఏం పోయేది అనిపిస్తుంది. మళ్లీ అబ్బా గుర్తొస్తాడు. చీకట్లో తన పేరు తానే పిలుచుకున్న మనిషి. చదువరీ, మీ ఇంటి గది ఒకటి ఖాళీగా ఉండి, పైసల కింద అట్లాంటి పేరొకటి వచ్చిన రోజు, మీ మొహం సంగతి కాదు, మీ చేతి సంగతి చూసుకోండి. తిరిగి కొట్టే మీట మీద వేలు పడుతుందా, లేదా?

వాడు నెలనెలా ఒకటో తారీకున దాదీకి రెండు వేలు పంపుతాడు. పోస్టుమన్ రాడు, ఫోను మోగుతుంది. అమ్మీ ఫోను పట్టుకుని మా దగ్గరికి వస్తుంది. అంకె ఎంతో అడగదు. పాత అలవాటే.

"ఏం రాసిండు?"

ఏమీ రాయడు, పైసలు పంపేటప్పుడు ఎవరు ఉత్తరం రాస్తారిప్పుడు? ఎన్ని పడ్డాయో, ఎవరు పంపారో, అంతే ఉంటుంది. ఎండీతో మొదలయ్యే వాడి పేరు, బ్యాంకువాళ్ల స్పెల్లింగులో. పోయిన నెల ఆ మాటే చెప్పాం. "ఏం రాయలే అమ్మీ. ఉత్త పేరొక్కటే వచ్చింది."

"చదువు మరి" అన్నది.

చదివాం. పూర్తిగా, మొదటి నుంచి చివరి దాకా.

"వాలేకుం సలాం" అని, ఫోను తీసుకుని లోపలికి పోయింది.